తోట అడుగు మట్టి

పీకిన మొక్క మళ్ళీ బతకదని లక్ష్మీతిరుపతమ్మకి తెలుసు. తెలిసీ ఆ ఉదయం మరో మొక్కని పీకింది. పాలిథిన్ సంచి చింపి, మట్టి దులిపి, వేళ్ళని చెంబులో నీళ్ళలో ఆడించి, వెలుగుకేసి పట్టుకుని చూసింది. వేళ్ళు ఉతికిన దారప్పోగుల్లా నున్నగా ఉన్నాయి. వాటి మీద ఒక్క బుడిపె కూడా లేదు.

తడికల పందిరి కింద వరసలు కట్టి పెట్టిన సరుగుడు మొక్కలు జానెడు ఎత్తుకి ఎదిగి అక్కడే ఆగిపోయాయి. మొదట అడుగు ఆకులు పసుపు తేలాయి. ఇప్పుడు చిగుళ్ళు కూడా ఆ రంగులోకే దిగుతున్నాయి. మొక్కలు వచ్చే వానలకి నిలబడకపోతే పాలెం ముందున్న పర్ర పోతుంది.

ఆ పర్ర సంగతి చెప్పాలి. సూర్యలంక దాటాక ఒడ్డు వెంబడి ఉన్న ఆ పల్లెపాలేనికీ సముద్రానికీ మధ్య ఉన్న ఖాళీ ఇసుక నేల అది. సునామీ వచ్చిన ఉదయం నీళ్ళు ఆ పర్ర మీదుగానే పరిగెత్తుకొచ్చి ముందు వరస ఇళ్ళ గోడలు పట్టుకుపోయాయి. ఆ తరవాత అటవీ ఆఫీసు నుంచి కాశీవిశ్వనాథం గారని ఒక ఆఫీసరు వచ్చి, అక్కడ మూడు వరసల సరుగుడు వేస్తే గాలికీ నీటికీ అడ్డు నిలుస్తుందన్నారు. మొక్కలు పెంచే పని పాలెంలోని మహిళా సంఘానికే అప్పగించారు. అదే పర్రని కార్లు నిలుపుకోడానికి ఇమ్మని పాలెం వెనకాల ప్లాట్లు వేస్తున్న వెంచర్ వాళ్ళు కూడా అడుగుతున్నారు. సెలవు రోజుల్లో గుంటూరు నుంచీ తెనాలి నుంచీ సముద్రం చూడటానికి వచ్చే జనం వాళ్ళకి కావాలి. వానల నాటికి మొక్కలు సిద్ధంగా ఉంటే పర్ర చెట్లకే ఉంటుందని, లేకపోతే పై వాళ్ళని తాను ఆపలేనని కాశీవిశ్వనాథం గారు దాచకుండా చెప్పారు.

పాలెంలో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి తిరుపతమ్మ. రోజూ బస్సెక్కి బాపట్ల వెళ్ళి బి.ఎస్సీ. పూర్తి చేసింది. అందులో మైక్రోబయాలజీ ఒక సబ్జెక్టు. సంఘం ఆడవాళ్ళు నర్సరీ ఒప్పుకునేటప్పుడు ఎవరూ వెనకాడలేదు. చదువుకున్న పిల్ల మనింట్లోనే ఉండగా భయమేంటన్నారు. ఆ మాట అప్పుడు ఆమెకి పూలదండ వేసినట్టు అనిపించింది. ఇప్పుడు అదే మెడకి బరువై కూర్చుంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి తెలియక కాదు. సంచుల్లో నింపడానికి ఉత్త ఇసుక నిలవదని, మట్టి కోసం వెతుకుతున్న రోజుల్లోనే వెంచర్ రోడ్డుకని చేబ్రోలు వైపు నుంచి లారీల్లో ఎర్రమట్టి దిగింది. అడిగితే డ్రైవర్లు ఒక లోడు ఊరికే పోసి వెళ్ళారు. చూడటానికి కుంకుమలా ఉంది, పట్టుకుంటే ముద్ద కడుతోంది. సంఘం ఆడవాళ్ళు మురిసిపోయారు, తిరుపతమ్మ కూడా మురిసింది. గోతిలో ఎంత లోతు నుంచి తవ్వి తెచ్చారో, ఏనాడైనా అందులో ఒక వేరు పాకిందో లేదో అడగాలని ఆమెకి తోచలేదు. అది ఎండిన, ఉత్త మట్టి. అందులో ప్రాణం లేదు.

సరుగుడు ఇసుకలో బతికేది ఒంటరిగా కాదు. దాని వేళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవులు చేరి బుడిపెలు కడతాయి, గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి తిండిగా ఇస్తాయి. అందుకే పాత నర్సరీల వాళ్ళు ప్రతి మడిలోనూ ముదురు తోట అడుగు మట్టి గుప్పెడు కలుపుతారు. ఇది ఆమె పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. పుస్తకంలో ఉన్నది తన చేతికింద సంచుల్లోకి రావాలని మాత్రం అప్పుడు అనిపించలేదు.

బాపట్ల సూపర్ బజారు పక్క ఎరువుల కొట్లో అడిగితే యూరియా చల్లమన్నారు. చల్లింది. నాలుగు వరసలు వారం తిరిగేలోగా పచ్చబడి అందరి మొహాలూ వెలిగాయి. ఆ పచ్చదనం చూసి ఆమెకి మరింత భయం వేసింది. పర్ర మీద నాటాక రోజూ యూరియా పెట్టేదెవరు? ఉప్పుగాలిలో, కాలే ఇసుకలో ఆ మొక్కలు మొదటి వేసవిలోనే మాడిపోతాయి.

అందుకని ఆమె పాలెం వెనకాల ఉన్న ముదురు తోట మీద ఆశ పెట్టుకుంది. ఆమె పుట్టకముందు నాటిన తోట అది. నేల మీద జానెడు మందాన రాలిన ఆకు, దాని కింద నల్లటి చెమ్మ మట్టి. తెనాలిలో ఉండే ఆసామి దాన్ని కిందటేడే వెంచర్ వాళ్ళకి అమ్మేశాడు. ఆమె గోతాలు పట్టుకుని వెళ్ళేసరికి కోత సగం అయిపోయింది. జేసీబీ ఒక పక్క నుంచి మోళ్ళు పెకలిస్తుంటే, ఇంకో పక్క నుంచి రోడ్డు రోలరు ఎర్రమట్టి తొక్కుకుంటూ వస్తోంది. మేస్త్రీని బతిమాలి, మిగిలిన మూల నుంచి మూడు గోతాల మట్టి తవ్వుకుంది. వెనక్కి తిరిగి చూసేసరికి తాను తవ్విన గొయ్యి కూడా కనపడలేదు.

ఆ గోతాలని ఇంటి వెనక వలల పాకలో నీడన పెట్టింది. పైన తడి గోనె కప్పింది. మర్నాడు మొక్కలకి పోసే ముందు ఆఫీసరు గారికి ఒకమాట చెప్పి రావాలని బాపట్ల బస్సెక్కింది. ఆయన లేరు. వస్తారన్నారని ఆఫీసు బల్ల మీద కూర్చుని కూర్చుని, పొద్దు వాలాక తిరిగొచ్చింది.

పాకలో గోతాలు లేవు.

ఇంటి ముందు, నెత్తళ్ళు ఎండబెట్టే తాటాకు చాపల మీద నల్లటి మట్టి పల్చగా పరిచి ఉంది. దాని పక్కనే ఆమె తల్లి గంగాదేవి చేపలు తిరగేసే చెక్కతో దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి లాగుతోంది. మొహం ఎండకి కందిపోయింది. కూతుర్ని చూసి నడుం నిటారుగా చేసి నవ్వింది.

"పొద్దున్నించీ నాలుగుసార్లు తిరగేశానే. చూడు, ఒక్క చుక్క చెమ్మ లేదు. ఇంక ఎన్నాళ్ళు దాచినా పాడవదు."

తిరుపతమ్మ వంగి చేత్తో తీసింది. రోహిణి కార్తె ఎండలో రోజంతా కాగిన మట్టి పెనం మీది నూకలా వేడిగా, పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఒకరు చెప్పాలేంటి? గోతం మూతి విప్పితే గుప్పున ముక్కిన వాసన. ఇంకో రెండు రోజులుంటే పురుగులు పట్టేది."

"పురుగులు కావాలమ్మా. కనపడని పురుగులు. వాటికోసమే తెచ్చాను."

గంగాదేవి చెక్క కింద పెట్టింది. ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేసిన పని ఒకటే, తడిసినదాన్ని కుళ్ళకుండా ఎండబెట్టడం. చేపైనా, రొయ్యైనా, వలైనా, కట్టుకునే చీరైనా, ఎండ తగిలితే నిలుస్తుంది, చెమ్మ తగిలితే పోతుంది. పాలెంలో ఆ పని ఆమె అంత శుభ్రంగా చేసేవాళ్ళు లేరు. ఆమె ఎండబెట్టిన నెత్తళ్ళు రేపల్లె సంతలో పెట్టీ పెట్టగానే అమ్ముడవుతాయి. కూతురు అంత కష్టపడి మోసుకొచ్చిన సరుకు పాకలో మగ్గిపోతోందని తన పనులన్నీ మానుకుని కూర్చుంది.

"అయితే చంపేశానా?" అంది మెల్లగా.

కూతురికి కోపం వచ్చి ఉంటే బావుండేది. రాలేదు. ఏదో ఒకటి మిగిలి ఉంటుందిలే అని తిరుపతమ్మ అబద్ధం చెప్పింది. ఆ మట్టిని అలాగే తీసి కొన్ని సంచుల్లో వేసింది కూడా, తల్లి చూస్తూ ఉండగా. ఆ రాత్రి గంగాదేవి అన్నం ముట్టలేదు.

సూర్యలంక చుట్టుపక్కల వేరే సరుగుడు తోటలు లేక కాదు. మర్నాటి నుంచి తిరుపతమ్మ వాటి చుట్టూనే తిరిగింది. కర్ర కోసం కొత్తగా వేసిన లేత తోటలవి, వేరుశనగ పండించిన ఇసుక నేలల్లో ఏళ్ళ తరబడి ఎరువులు కుమ్మరించి పెంచినవి. పెట్టిన తిండి ఉన్నప్పుడు వేరు బుడిపెలు కట్టుకోదు. కాపలావాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి రెండు చోట్ల వేళ్ళు తవ్వి చూసింది. అవీ నున్నగానే ఉన్నాయి. మూడో తోటలో కాపలావాడు కట్టెల దొంగ అనుకుని కర్ర తీసుకుని వెంటపడ్డాడు.

అలా తిరిగి తిరిగి వెంచర్ రోడ్డు మీద నిలబడినప్పుడు ఆమెకి మోళ్ళు గుర్తొచ్చాయి. నేల పోయింది సరే, పెకలించిన మోళ్ళు ఏమయ్యాయి? వేళ్ళతో పాటు వాటిని పట్టుకున్న మట్టి కూడా పోయి ఉంటుంది కదా. మేస్త్రీని అడిగితే కర్రా మోళ్ళూ కలిపి తెనాలి జాన్ సైదా గారి అడితికి లారీ కట్టామన్నాడు.

తెల్లారి రైలుకి ఆమె తెనాలిలో దిగింది. జాన్ సైదా కట్టెల అడితి స్టేషన్‌కి అవతలి వైపు, రంపం మిల్లుల వరసలో ఉంది. ఆయన లావుపాటి పెద్దమనిషి. తూకం కాటా పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. ఆమె ఊరూ పేరూ చెప్పుకుని, సూర్యలంక తోట మోళ్ళకి అంటిన మట్టి కావాలంది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మోళ్ళు కావాలా, మట్టి కావాలా?"

"మట్టేనండి."

"ముప్ఫై ఏళ్ళ నుంచి కట్టెలమ్ముతున్నా. మట్టి బేరానికొచ్చింది నువ్వేనమ్మా."

ఆమె మొహం చూసి ఇంక హాస్యం ఆడలేదు. కర్ర ఇక్కడే దింపుకున్నామని, మోళ్ళు చీల్చడం గొడ్డళ్ళకి దండగని, వాటిని అదే లారీలో రేపల్లెలో తన అక్క సుల్తాన్ బీ బేకరీకి పంపేశానని చెప్పాడు. బట్టీ రోజూ మండుతుంది కాబట్టి ఈపాటికి సగం కాలిపోయే ఉంటాయన్నాడు. ఫోన్ చేసి చూశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. పదిన్నరకి రేపల్లె పాసింజరు ఉంది, పరిగెత్తమన్నాడు.

ఆ పాసింజరు వేమూరులో ఆగి కదల్లేదు. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు. తిరుపతమ్మ మాత్రం కిటికీలోంచి తల బయటికి పెట్టి సిగ్నలు వంకే చూస్తూ కూర్చుంది. కాలవలు కట్టేసిన కాలం. రేగడి చేలు నెరదీసి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రోడ్డు దగ్గరి చేలల్లో అక్కడక్కడ ఎర్రమట్టి కుప్పలు, వాటి మధ్య సున్నం వేసిన హద్దురాళ్ళు. ప్లాట్లు ఇక్కడిదాకా వచ్చేశాయా అనుకుంది. చుట్టూ ఎంత మట్టి ఉందో! తనకి కావలసిన మూడు గోతాలు మాత్రం ఏ బట్టీలో మండుతున్నాయో. బట్టీ మంట తలుచుకున్నప్పుడల్లా కాళ్ళు వాటంతట అవే కదిలేవి. ఎదురుగా కూర్చున్న ముసలాయన, ఏమ్మా ఆసుపత్రికా, అని జాలిగా అడిగాడు. ఔనని తల ఊపేసింది.

రేపల్లెలో బేకరీ వెతకడం కష్టం కాలేదు. వాసనే దారి చూపించింది. ముందు కొట్లో బన్నులూ రస్కులూ పెట్టిన గాజు బీరువాలు, వెనక పెరట్లో బట్టీ. సుల్తాన్ బీ బట్టీ గోడకి దూరంగా వేపచెట్టు నీడన మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తిరుపతమ్మ కంటికి ముందు గోడవార కట్టెల గుట్ట కనపడింది. అందులో ఉన్నవి తుమ్మమొద్దులు. సరుగుడు మోడు ఒక్కటీ లేదు. ఆమె గుట్ట చుట్టూ తిరిగి ఇంకోసారి వెతికింది.

సుల్తాన్ బీ ముందు నీళ్ళు ఇప్పించి, తరవాత విషయం అడిగింది. విన్నాక నమ్మలేదు. మట్టిలో ఏదన్నా దాచి పోగొట్టుకున్నారా అని కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఏమీ దాచలేదని, ఉత్త మట్టేనని తిరుపతమ్మ ఒట్టేసింది.

"మట్టికోసం బాపట్ల నుంచి రైలెక్కి వచ్చావా? మీ ఊళ్ళో మట్టి అయిపోయిందా?"

"అయిపోయిందండి మామ్మగారూ. రోలరు తొక్కేసింది."

ఆ జవాబు సుల్తాన్ బీకి నవ్వులాట అనిపించలేదు. వెల్లుల్లి చాట పక్కన పెట్టి లేచింది. మోళ్ళు చాలావరకు కాలిపోయాయని, కాని వాటిని అలాగే బట్టీలో పెట్టనిచ్చేది లేదని చెప్పింది. మొదటి రోజు పెట్టినప్పుడు ఇసుక రాలి బన్ను కొరికిన ప్రతివాడికీ పళ్ళు కరకరలాడాయట. సగం సరుకు వెనక్కొచ్చిందట. అప్పట్నుంచీ ప్రతి మోడునీ ఇనపకడ్డీతో బాది, వేళ్ళు నరికి, మట్టి దులిపాకే లోపలికి పంపుతున్నారు. దులిపిన మట్టీ, నరికిన వేళ్ళూ పెరటి మూల కుళాయి కింద గొయ్యి పూడ్చడానికి పోయించింది.

తిరుపతమ్మ ఆ మూలకి నడిచింది అనడం కన్నా పడింది అనాలి. కుళాయి కారుతోంది. పైన రేకు నీడ. గోతిలో నల్లటి మట్టి, దాని నిండా చిక్కుపడిన వేళ్ళు. రెండు చేతులతో తవ్వి ఒక వేరు పైకి లాగింది. దానికి ఆడపీత పొట్ట కింద గుడ్ల గుత్తిలా ఒక బుడిపెల గుత్తి అంటుకుని ఉంది. గోరుతో గిల్లింది. లోపల తడిగా ఉంది. వాసన చూసింది. ఏ వాసనకి తల్లి భయపడి ఎండలో పోసిందో అదే వాసన.

గోతి గట్టు మీదే కూర్చుని ఏడ్చింది. సుల్తాన్ బీ కంగారుపడి, మట్టికి ఏడుస్తారేంటి, మొత్తం తీసుకుపో అంది. మైదా గోతాలు తెప్పించింది. నింపుతున్నంతసేపూ పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. ఈ గుప్పెడు మట్టి కొత్త సంచిలో వేస్తే అందులోనూ పెరుగుతాయా? పెరుగుతాయండి. అక్కణ్ణించి తీసి ఇంకో సంచిలో వేస్తే? వేసినంత మేరా పెరుగుతాయండి. సుల్తాన్ బీ పీట దగ్గరకి జరుపుకుంది.

"మా ఆయన ఉన్నప్పుడు ఇవాళ్టి పులిసిన పిండిలో ఒక ముద్ద రేపటికి దాచేవాడు. ఇల్లు అంటుకున్నా ముందు ఆ గిన్నె తియ్యమనేవాడు. అలాంటిదా?"

"అచ్చం అలాంటిదేనండి."

"అయితే దీన్ని ఎండలో పెట్టకు, పిల్లా" అంది సుల్తాన్ బీ. తిరుపతమ్మ తల వంచుకుని గోతం మూతి కట్టుకుంది.

బాపట్ల స్టేషన్‌లో దిగేసరికి గంగాదేవి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఎలా తెలిసిందంటే, తెలియలేదు. పొద్దున్నుంచీ తెనాలి వైపు నుంచి వచ్చిన ప్రతి రైలుకీ లేచి చూస్తోంది. చంకలో తడిపిన గోనెలు ఉన్నాయి, చేతిలో నీళ్ళ బిందె. గోతాల మీద గోనెలు కప్పి నీళ్ళు చిలకరించింది. బస్సులో కిటికీ పక్క ఎండ పడుతోందని గోతాలకి అడ్డంగా తానే కూర్చుంది.

మట్టి అన్ని మొక్కలకీ చాలలేదు. బుడిపెలు నలగ్గొట్టి నీళ్ళలో కలిపి పోసినా పందిరిలో మూడో వంతుకే వచ్చింది. పందిరిలో ఎటువైపు మొక్కలు బతకాలి, ఎటువైపువి పోవాలి అన్నది తిరుపతమ్మే తేల్చాలి. సంఘం ఆడవాళ్ళు ఎవరి మడి వాళ్ళు చూపించి ఒకరినొకరు మించి అరిచారు. ఆమె కాండం గట్టిగా ఉన్నవాటినే ఏరుకుంది. తల్లి పెంచిన మడిలోంచి తక్కువే వచ్చాయి. గంగాదేవి అడ్డు చెప్పలేదు.

ఆ తరవాత ఎదురుచూపులు మొదలయ్యాయి. మృగశిర ఉత్తగా దాటిపోయింది. ఆరుద్రలో రెండు జల్లులు పడి ఆగాయి. మొక్కలు పసుపు రంగులోనే ఉన్నాయి. వెంచర్ వాళ్ళు పర్ర చివర జెండాలు పాతారు. ఒకరోజు తిరుపతమ్మ తండ్రి వేట నుంచి వస్తూ, మన తెప్పలు ఎక్కడ లాగి పెట్టుకోవాలో వాళ్ళు చెబుతున్నారని చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. మొక్క పీకి చూడమని అందరూ ఆమె మీద పడ్డారు. పీకితే ఉన్న ఒక్క నమ్మకం పోతుందేమోనని ఆమె రోజులు జరిపింది. పొద్దున లేస్తూనే పందిరిలోకి వెళ్ళేది, చూసీ చూడనట్టు చూసి వచ్చేసేది.

చివరికి గంగాదేవే ఒకరోజు ఒక సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. తిరుపతమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళు కడిగింది.

"ఇది బుడిపేనా, ఇసుక రేణువా?" అంది గంగాదేవి.

ఆవగింజలో సగం ఉంది. గోకితే రాలేదు. వేరుకే అంటుకుని ఉంది. ఆ పైన ఇంకోటి, దాని పక్కన మరోటి. తిరుపతమ్మ వాటిని ఒక్కొక్కటే తల్లి వేలికి తగిలించి చూపించింది.

వానలు నిలదొక్కుకున్నాక కాశీవిశ్వనాథం గారు జీపులో వచ్చారు. మూడో వంతు మొక్కలు మోకాలి ఎత్తున ఆకుపచ్చగా ఊగుతున్నాయి. మిగతావి జానెడు దగ్గరే ఎండిపోయాయి. ఆయన చాలాసేపు అటూ ఇటూ నడిచి, దాపరికం లేకుండా మాట్లాడారు. ఒక వరసకి సరిపడా ఉన్నాయి, ఒక వరసకే రాయగలను, మిగతా పర్ర ఇంక నా చేతిలో లేదు అన్నారు.

"ఒక వరస గాలిని కాస్త ఆపుతుందమ్మా. నీళ్ళని ఆపదు."

"తెలుసండి. ఆ వరస కింద మట్టి తయారైతే రెండో వరసకి మేం ఎవరి గడపా తొక్కక్కర్లేదు. చోటు మాత్రం ఉంచండి."

చోటు గురించి ఆయన మాట ఇవ్వలేదు. ఇళ్ళకి దగ్గరగా ఒక గీత గీయించి, అటు మీది, ఇటు వాళ్ళది అని చెప్పి వెళ్ళిపోయారు.

పాలెం అంతా కలిసి ముసురులో నాటారు. నాటిన నాలుగో రోజు పొద్దున్నే పర్ర మీద ఎర్రమట్టి లారీలు దిగాయి. వెనకాలే రోలరు వచ్చింది. ఆఫీసరు గారి గీత వానకి ఎప్పుడో చెరిగిపోయింది. రోలరు ఒక దఫా తిరిగినప్పుడు మొక్కలకి పది బారల దూరంలో ఉంది. రెండో దఫాకి అయిదు బారలకి వచ్చింది. డ్రైవరుకి అడ్డంగా వెళ్ళి తిరుపతమ్మ, ఈ నేల తొక్కితే గట్టిపడిపోతుందని, కింద గాలి ఆడదని, వేళ్ళు చచ్చిపోతాయని చెప్పుకుంది. అతను చెడ్డవాడు కాదు. మొక్కల మీదికి రానులే అక్కా అన్నాడు. మొక్కలంటే అతనికి నేల పైన కనపడేవే.

ఆమె ఇంటికేసి పరిగెత్తి తండ్రిని లేపింది. ఆయన పక్కింటివాళ్ళని లేపాడు. వేటకి వెళ్ళాల్సిన మగవాళ్ళందరూ తెప్పల్ని నీళ్ళలోకి కాకుండా పర్ర మీదికి లాగారు. ఆడవాళ్ళు కూడా ఒక చెయ్యి వేశారు. వేళ్ళు ముందు ముందు ఎంత దూరం పాకుతాయో తిరుపతమ్మ చేతులు చాపి చూపిస్తుంటే, సరిగ్గా అంత వదిలి, తెప్ప కొసకి తెప్ప కొస ఆనించి, మొక్కల వరస పొడుగునా నిలబెట్టారు.

రోలరు వచ్చి తెప్పల ముందు ఆగింది. డ్రైవరు దిగి, వీటిని ఎప్పుడు తీస్తారని అడిగాడు.

ఆ రోజుకి వేట లేదు. గంగాదేవి మొదటి తెప్ప అంచు మీద కూర్చుని, కూతురికి కూడా చోటిచ్చింది. రోలరు ఇంజను ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. దాని అదురు ఇసుకలోంచి తిరుపతమ్మ పాదాల దాకా వస్తోంది.